కాకెంగిలి ముక్క

బక్కమ్మకు అక్షరం ముక్క రాదు గాని, ఎవరి పెళ్లిలో ఏ కూర మాడిందో, ఎవరి బిడ్డకు ఏ నెలలో పళ్లొచ్చాయో అన్నీ నోటి మీదే ఉంటాయి. మనవరాలు ప్రవళిక కింది దవడ ముందుకు జరగడం ఎప్పుడు మొదలైందని ఎవరడిగినా తడుముకోకుండా చెప్పేది. "పాల పండ్లు ఊడి కొత్తయి మొలిచిన ఏడు. ఆ ఏడు కాల్వ నీళ్లు కూడా ఆలస్యంగనే ఇడిసిండ్రు."

పదేళ్లు వచ్చేసరికి ఆ పిల్ల కింది పళ్లు పైపళ్లను దాటి ముందుకొచ్చి నిలబడ్డాయి. నోరు ఎంత గట్టిగా మూసినా ముందుపళ్లు ఒకదాని మీద ఒకటి ఆనేవి కావు. రొట్టెయినా సరే, జామకాయయినా సరే చేత్తో తుంచో కత్తితో కోసో దవడపళ్ల కిందికి తోసుకోవాల్సిందే.

బడిలో పిల్లలేమో కాకెంగిలి చేసుకుని పంచుకునేవాళ్లు. జామకాయకు లంగా కొస చుట్టి, గుడ్డ మీదినుంచే కొరికితే ముక్క ఊడొస్తుంది. గుడ్డ అడ్డముంది కాబట్టి ఎంగిలి అంటదని వాళ్ల శాస్త్రం. ఒకనాడు ప్రవళిక కూడా కాయకు గుడ్డ చుట్టి కొరికింది. గుడ్డ తడిసింది గాని కాయ తెగలేదు. పక్కింటి రూప్లి పకపకా నవ్వింది. "నీ నోరు మూత పడని సందుగ లెక్కున్నదే!"

అంతే. ఆ రోజు నుంచి ప్రవళిక నలుగురిలో కూర్చుని తినడం మానేసింది. నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. బక్కమ్మ చూపు ఎప్పుడూ ఆ అడ్డం పెట్టిన చేతి మీదే ఉండేది.

ఇంటర్ చదివేటప్పుడు బాన్సువాడ పళ్ల డాక్టరు చూసి హైదరాబాదు పెద్ద దవాఖానకు రాసిచ్చాడు. అక్కడి డాక్టరమ్మ, ఎదుగుదల ఆగేదాకా ఎముక మీద చెయ్యి వెయ్యకూడదంది. ముందు ఏడాదిన్నర పళ్లకు తీగలు కట్టి వరసకు తెచ్చి, ఆ తర్వాతే ఆపరేషన్ అంది. ఇంట్లోవాళ్లు ఆ మాటకే బెదిరిపోయారు. ప్రవళిక మాత్రం నిమ్మళంగా అంది, "పదేళ్లు ఓర్చుకున్న నాయినమ్మా. ఏడాదిన్నర ఓర్చుకోనా?"

ఓర్చుకుంది కూడా. నెలనెలా బస్సెక్కిపోయి తీగలు బిగించుకొచ్చేది. రెండు రోజులు అన్నం మెత్తగా పిసుక్కుని తినేది. నొప్పా అని అడిగితే "ఏం లేదు తియ్యి" అనేది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అంత గుండె బక్కమ్మకే లేదు.

రెండువేల మూడు, కార్తీకంలో ఆపరేషన్ అయింది. మొహం మీద గీత పడకుండా నోటి లోపలినుంచే కోసి, కింది దవడను వెనక్కి జరిపి, చిన్న చిన్న రేకులతో బిగించారు. పైపళ్లనూ కిందిపళ్లనూ కలిపి తీగ చుట్టేశారు. ఆరు వారాలు నోరు తెరవకూడదు. ఈలోగా ఎముక అతకాలి. అతకకపోతే మళ్లీ కొయ్యాలి. తిండంతా సిరంజికి రబ్బరు గొట్టం తొడిగి, బుగ్గ సందులోంచి పట్టాల్సిందే. మాటలకు బదులు ఒక పలక.

కొడుకు బాల్‌రాజ్, కోడలు లచ్చి పొద్దున్నే చెరుకు కొట్టుడుకు పోతారు. పిల్ల బక్కమ్మ చేతిలో పడింది. దవాఖాన కాగితంలో పాలు, పప్పుకట్టు, గుడ్డు, ఎముకల రసం అని రాసుంది. బాల్‌రాజ్ చదువుతుంటేనే బక్కమ్మ అడ్డుపడింది.

"పచ్చి పుండు మీద పప్పా? చీము పట్టదా? పదకొండు మంది బాలింతలకు పథ్యం వండిన. ఒక్కదానికి చీము పట్టలే. గా కాగితం రాసినోళ్లు ఎంతమందికి వండిండ్రు?"

"డాక్టరమ్మ రాసిచ్చింది గదనే అవ్వా..."

"నువ్వు నా చేతి పథ్యానికే బతికినవు. నోర్ముయ్యి."

బాల్‌రాజ్ కాగితం మడిచి చూరులో దోపాడు. గంజి తేట, మిరియాల చారు. పొద్దునా అదే, మాపటికీ అదే.

నాలుగో రోజు ప్రవళిక పలక మీద గుడ్డు బొమ్మ గీసి చూపించింది. బక్కమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "గుడ్డు మీద మనసు పోయిందా బిడ్డా? నీ బాగు కోసమే గదనే కడుపు మాడుస్తున్న. నీకు చీము పడితే నేను బతుకుతనా?" పిల్ల నాయినమ్మ మొహంలోకి కాసేపు చూసింది. పలక తుడిచేసింది. మళ్లీ గుడ్డు గీయలేదు.

రెండు వారాలకు చూపించుకోవడానికి ఇద్దరూ హైదరాబాదు పోయారు. బరువు తూచి డాక్టరమ్మ ఉలిక్కిపడింది. ఆరు కిలోలు తగ్గింది.

"ఏం పెడుతున్నారు ఈ అమ్మాయికి? గాలి తింటే ఎముక అతుకుతుందా? ఇలాగే ఉంటే మళ్లీ తెరవాల్సి వస్తుంది!"

బక్కమ్మ నోరు పెగిలేలోగా ప్రవళిక పలక మీద గబగబా రాసి డాక్టరమ్మ ముందు పెట్టింది. డాక్టరమ్మ పైకి చదివింది. "'మా నాయినమ్మ అన్నీ వండి పెడుతుంది. నాకే కడుపుల తిప్పి వద్దంటున్న.'"

రెండు వారాలు ఆకలికి మాడిన పిల్ల. మాడ్చిన ముసలిదాని మీద మాట పడకుండా పలక అడ్డం పెడుతోంది.

"అబద్ధం!" అంది బక్కమ్మ. "ఈ పోరి అబద్ధం రాసిందమ్మా. నేనే పథ్యం పెట్టిన. ఏమన్న అంటే నన్ను అను."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మీది ఏ ఊరవ్వా?"

"బాన్సువాడ దిక్కు."

"నాటేసిన మడికి నీళ్లు బంద్ చేస్తారా?"

"ఎవడన్న చేస్తడా? వేరు పట్టేదాంక ఇంకింత పెట్టాలె."

"ఈ ఎముక కూడా ఇప్పుడే నాటిందే. చీము సంగతి నా మందులు చూసుకుంటాయి. వేరు పట్టించేది నువ్వే."

ఆ ఒక్క మాట బక్కమ్మకు కాగితంలోని రాతలన్నింటి కంటే బాగా తలకెక్కింది. ఇల్లు చేరింది మొదలు పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. పెసరకట్టు, గుడ్డు గిలకొట్టిన పాలు, రాత్రంతా ఉడికిన మేక బొక్కల రసం. అన్నీ పాత నూలుచీర ముక్కతో రెండుసార్లు వడగట్టడమే. గొట్టంలో నలక ఆగితే తనను తానే తిట్టుకునేది. ఇప్పుడు ప్రవళిక పలక మీద ఉబ్బిన పొట్ట బొమ్మ గీసి దండం పెట్టేది. "దండం గిండం నడ్వది. ఇంకొక్క సిరంజి" అనేది బక్కమ్మ.

ఆరు వారాలకు తీగలు విప్పారు. ఎముక అతికింది. నోరు మొదట ఒక వేలు పట్టేంత, తర్వాత రెండు వేళ్లు, మెల్లమెల్లగా తెరుచుకుంది. మొహం ఎంత తీరుగా వచ్చిందో చూడ్డానికి వాడంతా వచ్చింది. రూప్లి కూడా చంకలో బిడ్డతో వచ్చి, "గిప్పుడు మూత పడ్డదే" అంది సిగ్గుపడుతూ. ప్రవళిక నవ్వింది. చెయ్యి అలవాటుగా సగం దాకా లేచి, మళ్లీ ఒళ్లో పడింది. బక్కమ్మ ఆ చేతినే చూసింది.

గట్టివి తినొచ్చని డాక్టరమ్మ ఎండాకాలంలోనే చెప్పింది. అయినా జామకాయలొచ్చేదాకా ప్రవళిక ఆగింది. వానాకాలం తొలి అంగట్లో దోరకాయ ఒకటి తెచ్చి, ఎదురుగా కూర్చుని నాయినమ్మ కొంగు లాగి కాయకు చుట్టింది. ముందుపళ్లతో కటుక్కున కొరికింది. కొంగు విప్పితే ముక్క ఊడి ఉంది.

"ఇగో, నీ ముక్క."

"నాకు పండ్లెక్కడియే? నీయి కలిసేటాళ్లకు నాయి ఊడిపాయె!"

"చప్పరియ్యి."

బక్కమ్మ ముక్కను బుగ్గన పెట్టుకుని కొంగు చూసుకుంది. తడి మీద పైపళ్ల వరస, దాని కిందే కిందిపళ్ల వరస, ఎదురెదురుగా అచ్చు పడి ఉన్నాయి. ఆ చీరను మూడు రోజులు ఎవరినీ ఉతకనివ్వలేదు.