అమ్మకు పంపిన టెస్ట్ మెయిళ్లు

"ఊరికే కూర్చునే పనే గదా, ఈ చిక్కుడుకాయలకు ఈనెలు తీసెయ్," అని మా అత్త గంప తెచ్చి నా లాప్‌టాప్ పక్కన పెట్టింది. తీశాను. కాసేపు ఈనెలు, కాసేపు కోడ్. నా ఆఫీసు వంటింట్లో, బియ్యం డ్రమ్ము మీద. హాల్లో టేబుల్ ఉంది కానీ దాని మీద మా ఆయన హరికృష్ణ హెల్మెట్టూ పేపర్లూ ఉంటాయి. వాటిని కదిలిస్తే ఆయనకు నచ్చదు. ఆ రోజు మా ఆడబిడ్డ కృష్ణకుమారికి పెళ్లిచూపులు, మార్కాపురం నుంచి మగపెళ్లివాళ్లు వస్తున్నారు. ఇల్లంతా హడావుడి. ఆ హడావుడిలో పొయ్యి దగ్గరి భాగం మాత్రం నాది.

గిద్దలూరులో ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు కంపెనీకి పనిచేస్తాను. బడి పిల్లల హాజరు, పరీక్ష తేదీలు తల్లిదండ్రులకు మెయిల్‌గా వెళ్లేలా కోడ్ రాస్తాను. నిజానికి మెయిల్ మేము మోసుకెళ్లం. ఎవరి పేరున, ఎవరికి, ఏం సంగతి అని నాలుగు వరుసలు రాసి క్లౌడ్‌లో ఉండే మెయిల్ సర్వీసుకు అప్పజెబుతాం. చేర్చడం దాని పని. చేరితే 'డెలివర్డ్' అని తిరిగి చెబుతుంది. దీన్నంతా మా ఆయన ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. "ఏదో మెయిళ్లు పంపిస్తాది లే," అంటాడు చుట్టాలతో, నేను కాఫీ గ్లాసులు అందిస్తుంటే.

ట్రయల్‌లో ఉన్నంతకాలం ఆ సర్వీసు ఎవరికి పడితే వాళ్లకు పంపనివ్వదు. ముందు ఆ అడ్రసుకు ఒక లింకు వెళ్తుంది. దాన్ని నొక్కి ఒప్పుకున్నవాళ్లకే టెస్ట్ మెయిళ్లు వెళ్తాయి. నేను నా అడ్రసుతో పాటు అమ్మది కూడా ఇచ్చాను. మా అమ్మ శ్రీశైలమ్మ రాచర్ల దగ్గర పల్లెలో ఒక్కతే మేకలు కాసుకుంటుంది. చదువు రాదు. ఫోన్ కొనిచ్చినప్పుడు మెయిల్ అడ్రసు పెట్టింది నేనే, ఆమె పక్కన కూర్చుని లింకు నొక్కిందీ నేనే. "ఇది టింగుమనిందంటే నేను పనిలో కూర్చున్నానని," అని చెప్పాను. "అట్లయితే నేను మిస్డ్ కాల్ ఇస్తాలే. బాగుండానని తెలుసుకో," అంది.

నేరుగా ఫోన్ చేసుకోవచ్చు కదా అంటారేమో. చేస్తే మా అత్త కూరలో గరిటె ఆపి మరీ వింటుంది. "పొద్దున లేస్తే పుట్టింటి ముచ్చటేనా? ఇట్లయితే ఈ ఇంట్లో నీ మనసు ఎట్ల నిలుస్తాది?" అంటుంది. పోయి చూసొస్తానంటే మా ఆయన నవ్వుతాడు. "రాచర్ల ఏమన్నా దుబాయా? అరగంట ఆటో. ఎప్పుడైనా పోవచ్చు," అంటాడు. నిజమే, అరగంట ఆటోనే. ఫోన్ కొనిచ్చి వచ్చాక ఆ అరగంట నాకు మళ్లీ దొరకలేదు. కోడ్ మాత్రం ఎవరికీ వినపడదు. అందుకని ఎసరు మరిగేలోపు అమ్మకు ఒక టెస్ట్ మెయిల్ పంపేదాన్ని. చదవలేదని తెలిసినా 'అమ్మా, తిన్నావా' అని రాసేదాన్ని. కాసేపటికి నా ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయేది. ఆ మోత వింటే ఎంత చాకిరీ అయినా చేయాలనిపించేది.

ఆ రోజు పొద్దున పంపాను. డెలివర్డ్. మిస్డ్ కాల్ రాలేదు. పప్పు దించి మళ్లీ పంపాను. డెలివర్డ్. ఇక ఎవరు విన్నా విననీ అని ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మా ఆయన అప్పుడే బజారు నుంచి మిఠాయి డబ్బాలతో వచ్చాడు.

"అమ్మ ఫోన్ ఎత్తడం లే. ఒక్కసారి పోయి చూసొస్తా," అన్నాను.

ఆయన స్క్రీన్ వైపు చూశాడు. "డెలివర్డ్ అని చూపిస్తాండాది గదా, ఇంకేంది?"

"అది పెట్టెలో పడిందని. అమ్మ చూసిందని కాదు."

"మేకల వెంబడి పోయింటాది. నువ్వు పోతే వంటెవరు చేస్తారు? వాళ్లు పోయినాక నేనే తీసుకపోతా."

చేశాను. వడలు వేశాను, పాయసం కాచాను. వచ్చినవాళ్లు చిక్కుడుకాయ కూర బాగుందన్నారు. మా అత్త అది కృష్ణకుమారి చేసిందని చెప్పింది. నేను తాంబూలాలు సర్దుతుంటే మా ఆయనకు ఫోన్ వచ్చింది. చేసింది మా అమ్మ పక్కింటి యల్లయ్య చిన్నాయన. అమ్మ మేకల దొడ్డి గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట.

అమ్మ ఊళ్లో పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. మా ఆయన కారు బయటికి తీశాడు. సంచీ వెనక సీట్లో పెట్టి, చెప్పి వద్దామని యల్లయ్య చిన్నాయన దగ్గరికి పోయాను. అమ్మ మేకలకు ఆకు వేస్తున్నాడు.

"గుండెల్లో పట్టేసినట్టుండాదని ఆ పొద్దున మీ అమ్మ నాతో చెప్పింది మల్లీ," అన్నాడు. "అప్పుడే నీ టింగు మోగింది. బాగుండానని అబద్ధం ఎట్ల చెప్పేది అని మిస్డ్ కాల్ ఇయ్యలే. నీకు ఫోన్ చెయ్యమంటే వద్దనింది. పిల్లనిచ్చినాక కష్టం ముందు అల్లుడికి చెప్పాల, అదే మర్యాద అనింది. అల్లుడికే చేసింది. వస్తానన్నాడంట గదా. నేను ఆటో పిలుస్తానంటే కూడా వినలే. అల్లుడొస్తాడు, ఆయన్తోనే ఆసుపత్రికి పోతానని కూర్చునింది. సరేనని నేను గొర్రెలు తోలుకొని పోయినా."

కారు దగ్గరికి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి అడిగాను.

"అమ్మ మీకు ఫోన్ చేసిందా?"

ఆయన దాచలేదు. అదే నన్ను ఎక్కువగా బాధపెట్టింది. "చేసింది. గ్యాస్ నొప్పి అనుకున్నా. సాయంత్రం పోదాంలే అనుకున్నా. చుట్టాలొచ్చే టయానికి నీకు చెప్తే నువ్వు పోయేదానివి."

"పోయేదాన్ని," అన్నాను.

వెనక డోరు తీసి నా సంచీ, లాప్‌టాప్ దించుకున్నాను.

"ఏంది మల్లీ, ఎక్కు. ఇంటికాడ మా అమ్మ ఎదురుచూస్తాంటాది," అన్నాడు.

"మా అమ్మ కూడా మీ కోసం ఎదురుచూసింది," అని కారు డోరు వేశాను.