ఒక్క పిల్లకు మూడు దరఖాస్తులు

నా చదువు గురించి మా ఇంట్లో అందరూ ఆత్రపడేవాళ్ళు, నేను తప్ప. నాకు ఆత్రం లేక కాదు, నా వంతు వచ్చేలోపే వాళ్ళు ముగ్గురూ దాన్ని వాడేసేవాళ్ళు.

అది పంతొమ్మిది వందల డెబ్బై మూడు. మా ఊరు రేపల్లె, నేను చదివేది తెనాలిలో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. జై ఆంధ్ర ఉద్యమంలో కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. మార్చిలో జరగాల్సిన పరీక్షలు ఏప్రిల్‌కు, అక్కణ్ణించి మే నెలకు, ఆపైన జూన్‌కు వాయిదా పడ్డాయి. ఏ తేదీనీ ఎవరూ నమ్మడం లేదు, మా వాళ్ళు తప్ప. తేదీ ప్రకటించిన ప్రతిసారీ నన్ను యుద్ధానికి పంపినట్టు పంపారు.

ఆ పంపకం చూసితీరాలి. మా అమ్మ మాణిక్యాంబ నీళ్ళ చెంబు పట్టుకుని పక్కింటి గోడ చాటున నిలబడేది. నేను గుమ్మం దిగగానే ఏమీ ఎరగనట్టు ఎదురొచ్చేది. మా నాయనమ్మ బసవమ్మ, తాతయ్య పోయారు కనుక తాను ఎదురుపడకూడదని, నేను వీధి మలుపు తిరిగేదాకా వడ్ల గదిలో తలుపేసుకుని కూర్చునేది. ఇవేం పిచ్చి నమ్మకాలని నేను విసుక్కుంటే ఇద్దరూ కలిసి నన్నే తిట్టేవాళ్ళు. మా నాన్న దశరథరామయ్య నాతో పాటు రైలెక్కి తెనాలి దాకా వచ్చి, కాలేజీ గేటుకు అంటించిన వాయిదా నోటీసు రెండుసార్లు చదివి, ఇడ్లీ తినిపించి, మధ్యాహ్నం బండికి ఇంటికి తీసుకొచ్చేవాడు. మూడోసారి కూడా అలాగే తిరిగొచ్చాక నాయనమ్మ వడ్ల గది తలుపు బార్లా తెరిచి బయటికొచ్చింది.

"మూడుసార్లు ఆ ఉక్కలో కూర్చున్నాను. పరీక్షేమో జరగలా. ఇంక నావల్ల కాదే అమ్మడూ" అంది.

నాన్న ఎస్సెల్సీ దాకా చదివాడు. పరీక్షలు వాయిదా పడ్డ కొద్దీ నా వృక్షశాస్త్రం పుస్తకం ఆయనకు కంఠతా వచ్చేసింది. చేలో గట్టు వేస్తూ "ఏకదళ బీజానికి ఉదాహరణ చెప్పు" అని కేకేసేవాడు. నేను "వరి" అనేదాన్ని. అక్కడున్న కూలీలు కూడా "వరి" అనేవాళ్ళు, అప్పటికి వాళ్ళకూ వచ్చేసింది.

నాకు కావలసింది ఒక్కటే, బాపట్ల వ్యవసాయ కాలేజీలో సీటు. కొత్త వంగడం వేసిన మొదటి ఏడు మా చేలో ఆకులు ఎర్రబడ్డాయి. జీపులో వచ్చిన ఆఫీసరు ఒక్క ఆకు తుంచి, వెలుతురుకు పట్టి చూసి, జబ్బు పేరు చెప్పాడు. ముప్పై ఏళ్ళు సేద్యం చేసిన మా నాన్న ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ ఆకు తుంచి చూసేది నేనే కావాలని ఆ రోజే అనుకున్నాను. అక్కడ ఆడపిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరని అందరూ అన్నారు. అయితే ఇంకో వేలు పెరుగుతుందన్నాను.

పరీక్ష ఫలితాలు రాకపోయినా దరఖాస్తు పెట్టుకోవచ్చని పేపర్లో పడింది. నాన్న ఫారం తెప్పించి, కళ్ళజోడు తుడుచుకుని, గుండ్రటి అక్షరాలతో తానే నింపి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడు. పెట్టాను. ఆయన దాన్ని రిజిస్టరు పోస్టులో పంపాడు.

రెండు రోజులకు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. టపా సంచులు ఏ స్టేషన్లోనో పడి ఉంటున్నాయని ఎవరో చెప్పారట. పొన్నూరులో ఉండే జనార్దనరావు మామయ్య చేత ఇంకో ఫారం తెప్పించి, తాను చెబుతూ ఆయన చేత రాయించింది. "సంతకం పెట్టు. మీ నాన్నకు చెప్పకు, నా మీద నమ్మకం లేదా అని అలుగుతారు" అంది. పెట్టాను. మామయ్య దాన్ని స్వయంగా బాపట్ల తీసుకెళ్ళి ఇచ్చాడు.

ఆ వారంలోనే నాయనమ్మ నన్ను దొడ్లోకి పిలిచింది. నాన్న అమాయకుడనీ, మామయ్యకు మతిమరుపనీ, ఎందుకైనా మంచిదనీ ఊరి బళ్ళో జకరయ్య మాస్టారి చేత ఇంకో ఫారం రాయించానని చెప్పింది. అమ్మ పంపిన సంగతి ఆవిడకెలా తెలిసిందని నేను అడగలేదు. మా ఇంట్లో నాయనమ్మకు తెలియనిది ఏదీ ఉండేది కాదు. "ఎవరికీ చెప్పకు" అంది. అదీ సంతకం పెట్టాను. ఒక్కదాన్నీ చదవలేదు. చదువుకునే పిల్లనై ఉండి, ముగ్గురికీ మూడు సంతకాలు పెట్టి, మూడు రహస్యాలు దాచి, నాకోసం ఇంత మంది పాట్లు పడుతున్నారని లోలోపల మురిసిపోయాను. ఆ తప్పు నాదే.

ఆఖరి తేదీ ఇంకొక్క రోజుందనగా నాన్న భోజనం ముందు కూర్చుని ముద్ద ఎత్తడం లేదు. వీధి చివరి వాళ్ళబ్బాయి దరఖాస్తు చేరనే లేదట. మనదీ అంతేనేమో అని ఆయన దిగులు. ఆ దిగులు చూడలేక అమ్మ నోరు జారింది.

"మీరేం బెంగపడకండి. మా అన్నయ్య చేత నేనూ ఒకటి పంపాను."

నాన్న తలెత్తేలోపు నాయనమ్మ అందుకుంది. "నేనూ పంపాను లేరా. తిను."

నాన్న ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తరువాత నాన్నకు నవ్వొచ్చింది. ఆయన నవ్వు చూసి అమ్మ, అమ్మను చూసి నాయనమ్మ, పొలమారేదాకా నవ్వారు. మూడు పంపితే ఒకటైనా తగలకపోదని నాన్న ఆ హుషారులో కాలేజీ వాళ్ళ నిబంధనల పుస్తకం తీసి, పెరుగన్నం తింటూనే పైకి చదవడం మొదలుపెట్టాడు. పదకొండో నిబంధన దగ్గరికొచ్చి దాన్నే మళ్ళీ మొదట్నుంచి చదివాడు. ఒక అభ్యర్థి ఒకటి కంటే ఎక్కువ దరఖాస్తులు పంపితే అన్నిటినీ తిరస్కరిస్తారని అందులో ఉంది.

ఆ తరువాత పుట్టిన తేదీల సంగతి బయటపడింది. నాన్న రాసింది స్కూలు రిజిస్టర్లో ఉన్న తేదీ, దాని ప్రకారం నాకు పదిహేడు నిండి నెలయింది. అమ్మ, పదిహేడు నిండకపోతే తీసుకోరని ఎవరో అంటే, ఎందుకొచ్చిన గొడవని ఇంకో ఏడాదిన్నర కలిపింది. నాయనమ్మ, పెళ్ళి సంబంధాల వాళ్ళతో చెప్పే అలవాటు కొద్దీ, నాకు పదిహేనే అని రాయించింది.

"పదిహేనేళ్ళకు ఇంటరెలా అవుద్దమ్మా?" అన్నాడు నాన్న.

"తెలివిగల పిల్ల అనుకుంటారు. అనుకుంటే తప్పేంటి?" అంది నాయనమ్మ.

ఇక ఆ సాయంత్రమంతా ఎవరిది తప్పని వాదన. రోజూ వార్తలప్పుడు పెట్టే రేడియో ఆ రోజు ఎవరూ పెట్టలేదు. చివరికి అందరం కలిసి తెల్లారి మొదటి బండికే బాపట్ల వెళ్ళి, రెండు దరఖాస్తులు వెనక్కి తీసుకుని ఒకటి నిలబెట్టుకోవాలని తేలింది. నా కాగితాలన్నీ, హాల్ టికెట్టుతో సహా, నాన్న ఒక సంచిలో పెట్టాడు. ఆఫీసులో ఏది అడిగినా చూపించాలి కదా. పొద్దున్నే హడావిడిలో అమ్మ ఎదురు రాలేదు, నాయనమ్మ దాక్కోలేదు. నలుగురం ఒకే గుమ్మంలోంచి ఒకరినొకరు తోసుకుంటూ బయటపడ్డాం.

తెనాలిలో బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటే నా క్లాసమ్మాయి సామ్రాజ్యం పరుగులాంటి నడకతో వెళుతూ నన్ను చూసి ఆగింది.

"ఇక్కడ నిలబడ్డావేంటి హైమా? పరీక్ష పదింటికి. రాత్రి రేడియోలో చెప్పారుగా" అంది.

మా నలుగురి మొహాలూ చూసి తనకే భయం వేసినట్టుంది. నాన్న సంచిలోంచి హాల్ టికెట్టు తీసి నా చేతిలో పెట్టాడు. నాతో రావాలా, బాపట్ల వెళ్ళాలా తెలియక రెండడుగులు ఇటు, రెండడుగులు అటు వేశాడు. అంతలో బాపట్ల బండి వచ్చింది.

"మీరు వెళ్ళండి నాన్నా. పరీక్ష నేను రాసుకుంటాను" అన్నాను. పెట్టెలోకి ఎక్కుతూ అమ్మ ఏడుపు మొహం పెట్టింది. నాయనమ్మ కిటికీలోంచి "గుర్తుందా, వరి" అని అరిచింది.

సామ్రాజ్యం ఇచ్చిన పెన్నుతో రాశాను. ఎవరూ దిగబెట్టకుండా నేను వెళ్ళిన మొదటి పరీక్ష అది, జరిగిన మొదటి పరీక్షా అదే. వృక్షశాస్త్రం ప్రశ్నాపత్రం చూస్తే నవ్వొచ్చింది. నాలుగు నెలలుగా ఇంటిల్లిపాదీ వల్లించిన ప్రశ్నలే. పర్యవేక్షణకు వచ్చిన మేష్టారు నా నవ్వు చూసి రెండుసార్లు నా బల్ల దగ్గరికి వచ్చి వెళ్ళాడు. రాస్తున్నంతసేపూ ఒకటే దడ, ఆ ముగ్గురూ ఆ ఆఫీసులో నోరు తెరిస్తే నా సీటు ఏమవుతుందోనని.

ఒంటిగంటకు బయటపడి స్టేషన్‌కు పరుగెత్తాను. రెండు దాటాక బాపట్ల వైపు నుంచి బండి వచ్చింది. ముగ్గురూ దిగారు. నాన్న చేతిలో ఒక్క కాగితం ఉంది, ఖాళీ ఫారం.

"పరీక్ష?" అన్నారు ముగ్గురూ. "దరఖాస్తు?" అన్నాను నేను.

జరిగింది ఇదట. ఆఫీసులో పెద్దాయన మూడు దరఖాస్తులూ బల్ల మీద పరిచి, ఇందులో అసలు అమ్మాయి ఎవరని అడిగాడు. నాదే తప్పని నాన్న, కాదు నాదని అమ్మ, మధ్యలో నాయనమ్మ. ఆయన కాసేపు విని, చివరికి మూడూ వెనక్కి తీసుకుంటున్నట్టు రాయించుకున్నాడు.

"సాయంత్రం ఐదింటిలోపు కొత్తది ఇస్తే అది ఒక్కటే దరఖాస్తవుద్దన్నారు. కానీ మొత్తం అమ్మాయే రాయాలంట. మేమెవరం చెయ్యి పెట్టకూడదంట" అన్నాడు నాన్న, అవమానంగా.

తిరిగి బాపట్ల వెళ్ళే బండికి అరగంట ఉంది. బెంచీ మీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, ఫారం దాని మీద పరిచాను. ముగ్గురూ ఎదురుగా నిలబడ్డారు. తండ్రి పేరు రాశాను. నాన్న మెడ సాచి చూసి, అమ్మ మోచేత్తో పొడిస్తే వెనక్కి తగ్గాడు. పుట్టిన తేదీ దగ్గరికి వచ్చి ఆగాను. మూడు నోళ్ళు తెరుచుకుని మూతపడ్డాయి. వాళ్ళు అంతసేపు మాట్లాడకుండా ఉండగలరని నాకు అంతవరకూ తెలియదు. స్కూలు రిజిస్టర్లో తేదీ రాసి ముందుకెళ్ళాను. నిజం చెప్పాలంటే ఆ మౌనం నాకే కష్టంగా ఉంది.

అన్నీ నింపి, మొదటిసారిగా అక్షరం అక్షరం చదివి, సంతకం పెట్టి, నాన్నకు ఇచ్చాను. చివర తండ్రి సంతకం ఒక్కటే మిగిలింది. ఆయన పెన్ను తీసి, పైనున్న వాక్యం చదివి, ఆగిపోయాడు.

"ఏంట్రా అది?" అంది నాయనమ్మ.

"నా కుమార్తె నాలుగేళ్ళు హాస్టల్లో ఉండటానికి ఒప్పుకుంటున్నాను అని" అన్నాడు నాన్న.

"హాస్టలంటే? పడుకోడం కూడా అక్కడేనా?"

ఆ వాక్యం మూడు దరఖాస్తుల్లోనూ ఉంది. మూడింటి మీదా పెద్దవాళ్ళ సంతకాలో, వేలిముద్రలో ఉన్నాయి. ఎలాగైనా ఫారం బాపట్ల చేర్చాలన్న హడావిడిలో, అది చేరితే నేనూ వెళ్ళిపోతానన్నది ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నాయనమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. నాన్న పెన్ను పట్టుకుని అలాగే ఉన్నాడు. వద్దులే నాన్నా, తెనాలిలోనే ఏదో ఒకటి చదువుతాను అని నోటిదాకా వచ్చింది. అంత ఇష్టం వాళ్ళంటే నాకు.

దూరంగా బండి కూత వినిపించింది. అమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది.

"పెట్టండి. రైలొస్తోంది" అంది.

నాన్న పెట్టాడు. ఎప్పుడూ చివర సున్నా చుట్టి కింద గీత గీసేవాడు. ఆ రోజు పేరు మాత్రం రాశాడు.

నలుగురం ఎక్కాం. ఐదుకు ఇంకా ఇరవై నిమిషాలుండగా ఆ కాగితం ఇచ్చాం, తరువాత సీటూ వచ్చింది. కానీ నాకు బాగా గుర్తున్నది ఆ రైలే. నిడుబ్రోలు దాటేసరికి ముగ్గురికీ మళ్ళీ మాటలొచ్చాయి. హాస్టల్‌కు పచ్చడి జాడీలు ఎన్ని కావాలో అమ్మ లెక్క వేస్తోంది, ఏ బండికి ఏ బండి కలుస్తుందో నాన్న పక్కవాళ్ళను అడుగుతున్నాడు. ఫారం ఇంకా నా ఒళ్ళోనే ఉంది, పరీక్షలు ఇంకా ఐదున్నాయి.

నాయనమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "ఆదివారం ఏ బండికొస్తావే అమ్మడూ?"

"మొదటి బండికి నాయనమ్మా" అన్నాను.