విప్పిన కుట్టు

ఏడుకొండలు పదిహేడో ఫారం దారాన్ని బ్లేడు మొనతో తెంపి, ఆ పదహారు పేజీల మడతను పుస్తకంలోంచి పదిలంగా విడదీశాడు. కాగితాన్ని స్కానర్ అద్దం మీద బోర్లించి, దాని మీద నల్ల కాగితం కప్పాడు. అలా చేస్తే వెనక పేజీ అక్షరాలు ముందుకి తేలవు. ఈ కిటుకు ఏ కంప్యూటర్ క్లాసులోనూ నేర్పరు.

పొట్టి మనిషి. జిగురు ఎండి బిరుసెక్కిన వేళ్లు. విరిగిన కళ్లజోడు కాడకి బైండింగ్ దారమే కట్టుకున్నాడు. ఈ అరబ్బు దేశంలో, షర్క్ పేటలోని పరిశోధన సంస్థలో ఇరవై మూడేళ్లుగా బైండింగ్ గది అతనిది. రాజోలు నుంచి వచ్చినవాడికి అరబ్బీ అక్షరం ఒక్కటీ రాదు. అయినా కుడివైపు నుంచి తెరుచుకునే పుస్తకాన్ని అతని కంటే బాగా కుట్టేవాడు ఈ ఊళ్లో లేడు. ఆ మాట అతనే చెబుతాడు. అబద్ధం కాదు కనక ఎవరూ కాదనరు.

ఇప్పుడు కుట్టించుకునేవాళ్లే లేరు. పరిశోధకులందరి చేతుల్లోకీ పెద్ద పలకలు వచ్చేశాయి. మెరవని బూడిదరంగు తెర మీద కాగితంలాగే చదువుకోవచ్చు, పెన్నుతో పక్కన రాసుకోవచ్చు. సంస్థ బైండింగ్ గది ఎత్తేసింది. అతని ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ఈ వారంతో ఖలాస్. సాయంత్రమే విమానం.

ఆఖరి పని పరిశోధకురాలు మునీరాది. పాత ఓడల గురించి రాసిన ఓ పుస్తకం అంచులనిండా ఆమె తండ్రి, పోయేలోపు, పెన్సిల్‌తో రాసిపెట్టాడు. ఆమె పరిశోధన సగం ఆ రాతలకి జవాబే. వచ్చే ఆదివారం పరీక్షకుల ముందు నిలబడాలి. కంప్యూటర్ గదివాళ్లు స్కాన్ చేస్తే, యంత్రం ఆ రాతల్ని మరకలనుకుని తుడిచేసింది. కుట్టు లోపల ఇరుక్కున్న మాటలు అసలు పడనేలేదు. విప్పాల్సిందేనన్నాడు ఏడుకొండలు. నాన్న పుస్తకం చెల్లాచెదురైపోతుందేమోనని ఆమె పొద్దున్నుంచి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. తన చేతిలో పడ్డాక భయం లేదని అతను వచ్చీరాని అరబ్బీలో ధైర్యం చెప్పాడు.

మధ్యాహ్నానికి నాలుగు వందల పేజీలూ పలకలోకి ఎక్కాయి. ప్రతి పేజీకీ ఎడమ పక్కన రెండు వేళ్ల వెడల్పు తెల్లగా ఉంచాడు. ఆమె ఎటు పక్క రాసుకుంటుందో ఇన్నేళ్లుగా అతనికి తెలుసు.

మునీరా తెర మీద పేజీలు తిప్పుతూ ఓ చోట ఆగింది. కుట్టులోంచి బయటపడ్డ పెన్సిల్ మాటను పైకి చదివింది. దాని పక్కనే తన మాట రాసి, కళ్లు తుడుచుకుంది. ఏడుకొండలుకి గర్వంగా అనిపించింది, దాచుకోలేదు కూడా. విమానానికి ఆలస్యమవుతుంది, విడి కాగితాలు ఓ కవర్లో పెట్టి ఇచ్చేస్తే చాలని చెప్పి ఆమె పైకి వెళ్లింది.

అతను సూదిలోకి దారం ఎక్కించాడు.

ఆ అంతస్తులో టీ ఇచ్చే కడప మనిషి ఖాతూన్ బీ గ్లాసు పెట్టి అక్కడే నిలబడింది.

"ఇంగా ఎందుకన్నా కుడతాండావు? ఆయమ్మకి అంతా ఆ పలకలోనే ఉండాది గదా."

"ఇప్పిందెవరు ఖాతూనూ? నేనే కదా. కుట్టకుండా ఎలా ఎల్లిపోతాను?"

ఇరవై అయిదు ఫారాలూ కుట్టాడు. పుస్తకం వీపుకి జిగురు పట్టించి కొత్త గుడ్డ అంటించాడు. టీ చల్లారిపోయింది. కారు వచ్చిందని కబురందగానే చేతులు కడుక్కుని, ఖాతూన్ బీకి తలూపి, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

గంట తర్వాత మునీరా వీడ్కోలు చెబుదామని వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. బల్ల మీద రెండు ఇనుప దిమ్మల కింద ఆమె తండ్రి పుస్తకం ఉంది, వీపు మీద జిగురు ఇంకా ఆరలేదు.