‘అబ్బే’ అనని కమిటీ

మంగళవారం ఉదయం పదకొండుంబావుకి పాడి పరిశ్రమ సలహా కమిటీ తన సభ్యులకిచ్చే హాజరు భత్యాన్ని రద్దు చేసుకుంది. ప్రతిపాదించినవాడు పాడి రైతు. ఆ భత్యం లేకపోతే కమిటీకి రాలేనివాడూ ఆయనే.

కమిటీని ప్రభుత్వం నియమించింది. తొమ్మిది మంది. అధ్యక్షుడితో కలిపి ఐదుగురు ఉద్యోగులు. సమావేశానికొచ్చినా ఆఫీసులో కూర్చున్నా వాళ్ళ జీతం వాళ్ళకి పడుతుంది. మిగతా నలుగురూ రైతులు. వాళ్ళలో ఆవులున్నది ఈయనకే, పన్నెండు. సమావేశం రోజున బస్సు దిగి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఏడవుతుంది. నాలుగింటికి పాలు పితకాలి. భార్యకి మణికట్టు నొప్పి. అందుకని పక్క వీధిలో పాలు పితికే ఆవిడని పిలిచేవాడు. ఆవిడ కూలీ, ఈయన భత్యం సరిగ్గా ఒకటే.

ఇది తెలిసి కూడా ఆ మాట ఎందుకన్నాడంటే, బావమరిది వల్ల. ఆదివారం భోజనాల దగ్గర ఆ పెద్దమనిషి, "కుర్చీలో కూర్చున్నందుకు కూడా డబ్బులిస్తారా బావా? మా ఇంట్లో ఆరు కుర్చీలున్నాయి, రేటెంతో కనుక్కో" అన్నాడు. అందరూ నవ్వారు. ఈయనా నవ్వాడు. అన్నం మాత్రం సహించలేదు.

మంగళవారం లేచి నిలబడి, రైతు సేవకి వెల కట్టకూడదన్నాడు. ఆ వాక్యం బస్సులో తయారుచేసుకున్నది. అధ్యక్షుడు అబ్బే అంటాడనీ, ఇద్దరు ముగ్గురు బతిమాలతారనీ, తను మొహమాటపడుతూ కూర్చోవచ్చనీ ఆయన లెక్క. అధ్యక్షుడు అబ్బే అనలేదు. చాలా బాగుందన్నాడు. చేతులెత్తమంటే ఎనిమిది లేచాయి. తన మాటకి తనే ఎత్తకపోతే బాగుండదని ఈయన తొమ్మిదోది ఎత్తాడు. చప్పట్లు కొట్టారు. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది తనేనేమోనని తర్వాత అనుమానం వచ్చింది.

ఇంటికొచ్చి చెబితే భార్య బట్టలు మడతపెట్టడం ఆపలేదు.

"బావుంది. వచ్చే నెల ఆవుల్ని కూడా బస్సెక్కించుకుపో" అంది.

చేతి డబ్బులు పెట్టుకుని ఎన్నిసార్లు వెళ్ళగలడో లెక్క వేసుకున్నాడు. ఒక్కసారి. ఆ తర్వాత రాజీనామాయే. రాజీనామా చేస్తే పాడి కమిటీలో పాడి ఉన్నవాడు ఒక్కడూ మిగలడు. ఈ సంగతి పైకి చెప్పుకోవడానికి బాగానే ఉంది. బల్ల మీద తన పేరున్న చెక్కముక్క కూడా పోతుందన్న బాధ అంతకు తక్కువేం కాదని ఆయనకే తెలుసు.

కార్యదర్శికి ఫోన్ చేసి, తీర్మానం మళ్ళీ చర్చకి పెట్టొచ్చా అని అడిగాడు. మొదట ప్రతిపాదించినవాళ్ళే అడగాలని రూలుందని ఆవిడ చెప్పింది.

"ఎవరు ప్రతిపాదించారో మర్చిపోయారా సార్?"

"లేదమ్మా. మర్చిపోలేకపోతున్నాను."

తర్వాతి నెల సమావేశంలో మళ్ళీ లేచాడు. ఈసారి బస్సులో ఏ వాక్యమూ కుదరలేదు.

"పోయినసారి మీరు వద్దంటారనుకుని అన్నానండీ. మీరు అనలేదు. నా గొప్ప కోసం ఆవులు ఆగవు కదా. ఇవాళ సొంత డబ్బులతో మనిషిని పెట్టి వచ్చాను. వచ్చేసారి అదీ నావల్ల కాదు."

రైతు సభ్యుల్లో పచ్చిగడ్డి పెంచి అమ్మే ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"హమ్మయ్య. నెల రోజులుగా మీరెప్పుడంటారా అని చూస్తున్నాను. నేనూ గడ్డి కోతకి కూలీ ఇచ్చే వచ్చాను."

మరి ఆ రోజు చెయ్యెందుకెత్తారని అధ్యక్షుడు అడిగాడు.

"మీరందరూ ఎత్తారు కదండీ" అంది ఆవిడ.

ఓటింగు పెట్టారు. రైతులు నలుగురూ చేతులెత్తారు. ఉద్యోగుల్లో పశువుల డాక్టరు మిగతా నలుగురి వంకా చూసి, కాస్త ఆలస్యంగా చెయ్యెత్తాడు. కార్యదర్శి రెండుసార్లు లెక్కపెట్టింది. ఐదు.

పన్నెండు గంటల పది నిమిషాలకి రద్దు తీర్మానం రద్దయింది. భత్యం తర్వాతి సమావేశం నుంచి అమల్లోకి వస్తుందని కార్యదర్శి పుస్తకంలో రాసింది. ఆ రోజు కూలీ పాడి రైతే ఇచ్చుకున్నాడు.