పడినవాడి పాలు

నరసింగరావుగారు అబద్ధమాడగా విన్నవారు శ్రీకాకుళంలో ఎవరూ లేరు. కళాశాలలో వ్యాయామోపాధ్యాయులుగా చేరిన పదిహేనేళ్లలో ఆయన గడియారమూ, ఈలా, మాటా ఒక్కసారైనా తప్పలేదని విద్యార్థులు వేళాకోళంగానూ, ప్రిన్సిపాలుగారు గర్వంగానూ చెప్పుకునేవారు. అటువంటి మనిషి 1968 డిసెంబరులో ఒకనాడు, పట్టపగలు, చంకలో ఖాళీ గంపతో వచ్చిన ఒక బెస్త స్త్రీ ఎదుట నిలువునా అబద్ధమాడారు. ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి ఆయన పడిన పాట్లే ఈ కథ.

అందుకు మూడు వారాల ముందు, బాస్కెట్‌బాల్ సాధన జరుగుతుండగా నూకయ్య అనే కుర్రవాడు బంతి కోసం ఎగిరి, తడిమట్టిలో జారి, మోకాలు మెలిపడి కూలబడ్డాడు. ఆసుపత్రివారు తొడ మొదలు మడమ దాకా పిండికట్టు వేసి పంపించారు. నిజం చెప్పుకోవాలంటే నూకయ్య జట్టుకు మూలస్తంభమేమీ కాడు. ఐదుగురు ఆడుతుంటే బల్లమీద కూర్చునేవాడు. ఎవరికైనా ఆయాసం వస్తే లోపలికి వెళ్లి, వాళ్లు ఊపిరి తీసుకున్నాక తిరిగి వచ్చి అదే బల్లమీద, అదే చోట కూర్చునేవాడు. రెండేళ్లలో అతను వేసిన బాస్కెట్లు చేతివేళ్లకు సరిపోతాయి. కళింగపట్నం దాపున ఒక పల్లె అతనిది. తండ్రి గంగరాజు సముద్రంమీద వేట చేస్తాడు. ఆ పల్లె మొత్తంమీద కళాశాల గడప తొక్కినవాడు నూకయ్య ఒక్కడే.

సాధనకు దిగిన ప్రతి ఆటగాడికీ సాయంత్రం ఒక గ్లాసెడు పాలూ, గుప్పెడు నానబెట్టిన శనగలూ ఇచ్చే ఏర్పాటు ఉండేది. 'సాధన చేసినవారికి మాత్రమే' అన్న నిబంధనను నరసింగరావుగారే తమ ముత్యాలవంటి అక్షరాలతో రాసి గదిగోడకు అంటించారు. నూకయ్య పడిన మరునాడే అతని స్థానంలోకి గరివిడి కుర్రవాడు ఎల్లాజీ వచ్చాడు. పిల్లవాడు లేడిపిల్లలా ఎగురుతాడు. కనుక పాలు పోసే అటెండరు రాముడు గ్లాసులు అమర్చుతూ అడిగాడు:

"నూకయ్య బాబుక్కూడా పొయ్యమంతారా?"

"నియమం గోడమీద ఉంది, చదువుకో."

"నాకు సదువొస్తే ఈ గళాసులెందుకు కడుగుతాను బాబూ!" అని రాముడు పది గ్లాసులే పెట్టాడు.

నూకయ్య ఆ మాటకు నవ్వేశాడు. కాని సాధనకు రావడం మానలేదు. చంకకర్రమీద కుంటుకుంటూ రోజూ వచ్చి, గీతకు అవతల ఒక ముక్కాలిపీట వేసుకుని, కట్టుకాలు చాపుకుని కూర్చునేవాడు. ఊరికే కూర్చున్నా బాగుండును. మధ్య మధ్య కేకలు వేసేవాడు.

"ఉత్తరం తాడు ముందుకెలిపోతన్నాది! దచ్చినం లాగండర్రా!"

ఆ కేకకు జగన్నాధం పళ్లు నూరుకునేవాడు. కోటబొమ్మాళి వ్యవసాయదారుల బిడ్డ, ఆరడుగుల పైచిలుకు మనిషి, జట్టుకు నాయకుడు. అతను ఎప్పుడూ ఉత్తరపు వైపున ఆడేవాడు. దక్షిణపు వైపు అప్పలసూరిది. ఇద్దరూ మేటి ఆటగాళ్లే. కాని ఒకరికి దొరికిన బంతి రెండోవారికి చేరడం తుమ్మచెట్టుకు మామిడికాయ కాసినంత అరుదు.

"ఒరే నూకయ్యా, ఇది సముద్రం కాదురా. పల్లక కూకో," అనేవాడు జగన్నాధం.

నరసింగరావుగారు ఈల ఊది, "సైలెన్స్!" అనేవారు. అక్కడితో ఆ కేక ఆగేది.

విజయనగరంలో జరగబోయే కళాశాలల పోటీకి పదిమంది పేర్లు పంపవలసి ఉంది. అబద్ధమాడిన నాటి ఉదయం ఆయన బల్లమీద ఉన్న జాబితాలో పదో పేరుగా మొదట నూకయ్య పేరుండి, దానిమీదుగా ఎర్రసిరా గీత ఉండి, పక్కన ఎల్లాజీ పేరు ఉంది. సిరా ఇంకా ఆరలేదు. అప్పుడే గుమ్మంలో గంప దించిన చప్పుడైంది.

"నరసింగరావు బాబంటే మీరేనేటి?"

"నేనే. కూర్చో అమ్మా. ఎవరు నువ్వు?"

"నూకయ్య తల్లిని బాబూ, తాతమ్మ నా పేరు. కూకోను. ఒక్కమాట అడిగి ఎలిపోతాను. మావోడి పాలు ఎందుకాపీసినారు?"

గ్లాసెడు పాలకోసం ఇంతదూరం బస్సెక్కి వచ్చిందా అని ఆయనకు చిరాకు కలిగింది. అయినా మర్యాద తప్పలేదు.

"అది నిబంధన అమ్మా. ఆడేవారికే పాలు. ఆడనివారికి ఇచ్చే అధికారం నాకు లేదు."

"ఆడతా ఆడతానే కదా బాబూ పడినాడు? ఇంటికాడ తొంగుంటే పడినాడేటి?"

"నేను కాదనలేదు. కట్టు విప్పి మళ్లీ సాధనకు దిగిన రోజునుంచి యథాప్రకారం ఇస్తాము."

"పడినోడికి పాలాపడం మా పల్లెలో నేదు బాబూ," అంది ఆమె. తల దించలేదు. "మా మావకి, నూకయ్య తాతకి, తెప్పకాడ సెయ్యిరిగిపోయి ఆరు నెల్లు ఒడ్డునుండిపోనాడు. ఒక్క పూట తప్పితే ఒట్టు. ఏ రోజు పాలు ఆ రోజు గుమ్మంలోకొచ్చినాయి."

నరసింగరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆరు నెలలా! మీ పల్లెలో అంత పాడి ఉందా?"

"పాడేటి?"

"అదే, గేదెలు. ఎన్ని ఉంటాయి?"

"గేదెలా!" తాతమ్మ నిర్ఘాంతపోయింది. "సముద్రంలో గేదెలెక్కడుంతాయి బాబూ?"

గుమ్మం పక్కనున్న రాముడు ఇక ఆపుకోలేక గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు. తర్వాత ముఖం తుడుచుకుని లోపలికి వచ్చాడు. "బాబూ, ఆవిడ సెప్పేది తాగే పాలు కాదండి. వాటా. వల్లో పడిన సేపలో మనిసికో పాలు."

అప్పుడు గుట్టంతా విడింది. నూకయ్య ఇంటికి రాసిన కార్డులో, తల్లి బెంగపడకుండా నవ్వించాలని, 'కాలు విరిగింది, పాలు ఆపారు' అని ప్రాసవేసి రాశాడు. పోస్టుమాను ఆ కార్డు చదివి వినిపించి తన దారిన పోయాడు. పల్లెలో పాలు ఆపడమంటే వలనుంచి వెలివేయడమే. దొంగతనం చేసినవాడికీ, తోటివాణ్ణి సముద్రంలో వదిలి వచ్చినవాడికీ తప్ప మరెవరికీ ఆ శిక్ష వేయరు. గంగరాజు రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదట, నలుగురికీ ముఖం చూపలేక.

"నా తెలివి తెల్లారా! ఈ తాగే పాలకా నాను ఏడ్సుకుంటా ఒచ్చినాను!" తాతమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది. "తాగే పాలు ఉంటే ఉన్నాయి, నేపోతే నేదు. మా మావ సెయ్యిరిగినాక తాడట్టుకోనేదు బాబూ. ఒడ్డుమీద నిలబడి కేకేసేవోడు. పెద్దవలకి రెండు తాళ్లుంతాయి కదా, ఏ పక్క ముందుకెలిపోతన్నాదో లాగేవోడికి తెల్దు. దూరంగుండి సూసేవోడికే తెలుస్తాది. ఆ కేక నేపోతే వల వొంకరపోయి సేపంతా జారిపోద్ది. అందుకే ఆడికీ అందరితో పాటే పాలు." ఆమె గంప ఎత్తి చంకన పెట్టుకుంది. "అయితే మీ జట్టులో మావోడి పాలున్నట్టే కదా బాబూ? ఇంటికెల్లి వాళ్లయ్యకి సెప్పాలి."

నరసింగరావుగారి చూపు బల్లమీది కాగితంమీద పడింది. ఎర్రగీత తళతళలాడుతోంది. తాతమ్మకు చదువు రాదు. ఆమె చూపు కాగితంమీద లేదు, ఆయన ముఖంమీదే ఉంది.

"ఉందమ్మా," అన్నారాయన.

ఆమె వెళ్లిపోయాక ఆయన ఆ జాబితాను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. ఉత్తరం తాడు, దక్షిణం తాడు. మూడు వారాలుగా అల్లరి అనుకుని తాను ఈలతో నోరు మూయించినది అదన్నమాట. తరువాత ఒక కొత్త కాగితం తీసి, పదిపేర్లూ మొదటినుంచి రాశారు. పదో పేరు నూకయ్యది. కొట్టివేతలున్న కాగితాన్ని పంపడం ఆయన పద్ధతి కాదు.

సాయంత్రం ఎల్లాజీని పక్కకు పిలిచి, దాపరికం లేకుండా చెప్పారు. ఎల్లాజీ ముఖం మాడిపోయింది.

"నాకేటి తక్కువ మేస్టారూ? రెండు కాళ్లుండడమేనా నా తప్పు?"

"తప్పు నీది కాదు. ఉంటే నాది," అన్నారాయన. ఆ కుర్రవాడు పాలగ్లాసు ముట్టుకోకుండా వెళ్లిపోయాడు.

"బాబూ, పదేనా?" అన్నాడు రాముడు.

"పదకొండు. నూకయ్యకు కూడా పొయ్యి."

"పదికే కదా ఒప్పుకున్నారు పైవోళ్లు?"

"పదకొండోది రేపటినుంచి మా ఇంటి ఆవు ఇస్తుంది."

విజయనగరం వెళ్లే బస్సులో నూకయ్య కట్టుకాలికి ఒక సీటంతా కావలసి వచ్చింది. జగన్నాధం నిలబడే ప్రయాణం చేయవలసి వచ్చింది. "కుంటోడికి కుర్సీ, కెప్టెనుకి కమ్మీ. బాగున్నాదర్రా!" అని అతను కమ్మీ పట్టుకుని ఊగుతూ గొణుక్కున్నాడు. నూకయ్య చంకకర్ర అందించాడు. "ఇదట్టుకో బావా, కుంటోడి కర్ర కెప్టెనుకీ పనికొస్తాది." బస్సంతా ఘొల్లుమంది. జగన్నాధం నవ్వలేదు.

మొదటి పోటీలోనే గట్టి జట్టు ఎదురైంది. రెండో సగం ఆరంభమయ్యేసరికి మనవాళ్లు పది పాయింట్లు వెనకబడ్డారు. బంతి అంతా జగన్నాధం వైపే తిరుగుతోంది. అతని చుట్టూ ముగ్గురు మూగుతున్నారు. అవతలివైపు అప్పలసూరి చేతులు చాపి, చాపి, విసిగి, నడుంమీద పెట్టుకుని నిలబడ్డాడు. నూకయ్య బల్లమీద కూర్చుని రెండు పెదవులూ బిగబట్టుకున్నాడు. మెడనరాలు ఉబ్బుతున్నాయి. అయినా నోరు విప్పలేదు. 'సైలెన్స్' అన్న ఆజ్ఞ ఎవరూ ఉపసంహరించలేదు కదా.

నరసింగరావుగారు ముందుకే చూస్తూ, "కేక వెయ్యి," అన్నారు.

"మేస్టారూ?"

"మీ తాతగారు వేసినట్టు వెయ్యి."

ఆ మైదానం చివరిదాకా వినిపించేలా లేచిందా గొంతు. "ఉత్తరం తాడు తెగిపోతాదర్రా! దచ్చినం! దచ్చినం లాగండి!"

"ఇక్కడ దచ్చినమెటురా?" అని అరిచాడు అప్పలసూరి.

"నువ్వే దచ్చినం! ఎక్కడ నిలబడినా నువ్వే దచ్చినం!"

చూసేవారు నవ్వారు. రిఫరీ ఒకసారి ఇటు తిరిగి, అర్థంకాక మళ్లీ అటు తిరిగాడు. జగన్నాధం బంతి పట్టుకుని ఒక్క క్షణం తటపటాయించాడు. ఎదుట మూడు జతల చేతులు. వెనకనుంచి మళ్లీ ఆ కేక. బంతిని తల మీదుగా అవతలికి విసిరాడు. అప్పలసూరి చుట్టూ పురుగు లేదు. బంతి వలలోంచి చప్పుడు లేకుండా జారింది.

ఆపైన కేక ఆగలేదు. పది ఎనిమిదయింది, ఐదయింది, ఒకటయింది. మూడు నిమిషాలుండగా అప్పలసూరికి ఐదో ఫౌల్ పడి బయటికి రావలసి వచ్చింది. నరసింగరావుగారు బల్లవైపు తిరిగారు. ఇద్దరు అలసిపోయి రొప్పుతున్నారు. ఒకడికి పిక్క పట్టింది. నాలుగోవాడు మరీ పొట్టి. ఆపైన పిండికట్టు. లేడిపిల్లలా ఎగిరే ఎల్లాజీ శ్రీకాకుళంలో ఉన్నాడు. ఆయన పొట్టివాణ్ణి పంపారు.

ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

ఎల్లాజీ ఉంటే గెలిచేవారేమో. నూకయ్య లేకుంటే ఇరవైతో ఓడేవారేమో. తిరుగు ప్రయాణంలో ఆయన ఈ రెండు మాటలనూ తూచి తూచి, ముల్లు ఎటూ మొగ్గక, చివరికి కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నారు. తల తిప్పి చూస్తే, కట్టుకాలు జగన్నాధం ఒళ్లో ఉంది. కుదుపులకు కదలకుండా రెండు చేతులా పట్టుకుని అతను కూర్చునే నిద్రపోతున్నాడు.

తరువాతి వారం తాతమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి గంప ఖాళీగా లేదు.

"ఓడిపోయాము తాతమ్మా," అన్నారు నరసింగరావుగారు ముందుగానే.

"వల కాలీగా రాని పల్లెక్కడున్నాది బాబూ!" అని ఆమె ఆకులో కట్టిన ఒక పొట్లం తీసి రెండు చేతులా చాచింది. "మీ పాలు."

పొట్లంనుంచి ఎండుచేప వాసన గది నిండింది. తరతరాలుగా ఉల్లిపాయ సైతం దాటని గడప ఆయనది. రాముడు చప్పున ముందుకు వచ్చి అందుకోబోయాడు. ఆయన చేత్తో వారించారు.

"నేను ఆడలేదు కదమ్మా."

"ఒడ్డున నిలబడినారు కదా."

ఆయన లేచి నిలబడి, రెండు చేతులతో ఆ పొట్లం అందుకున్నారు.

సాయంత్రం సాధనకు ఎల్లాజీ వచ్చాడు. ఆ పదిరోజులూ అతను ఆడేవాడు, వెళ్లేవాడు; పలకరిస్తే తప్ప పలికేవాడు కాదు. నరసింగరావుగారు అతణ్ణి గదిలోకి పిలిచి, పొట్లం అతని చేతిలో పెట్టారు.

"ఏటిది మేస్టారూ?"

"నీ పాలు. మేము వెళ్లిననాడు నువ్వూ ఒడ్డునే ఉండిపోయావు. నా వల్ల."

ఎల్లాజీ పొట్లం ముక్కుదగ్గర పెట్టుకుని, మెల్లగా ఒక మడత విప్పాడు. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న ముఖం కొంచెం సడలింది.

"నెత్తళ్లు!" అన్నాడు. గుమ్మందాకా వెళ్లి ఆగాడు. "వచ్చేయేడు మాత్రం నా పేరు మర్సిపోకండి మేస్టారూ."

"మరువను," అన్నారు నరసింగరావుగారు. ఆయన మాట తప్పరని ఊరందరికీ తెలుసు.