ఖాళీగా ఉండాల్సిన స్లైడు

ఖాళీగా ఉండాల్సిన స్లైడు నిండా గోధుమరంగు చుక్కలున్నాయి.

మార్యోలైన్ మైక్రోస్కోపు మీంచి తలెత్తి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. చుక్కలు ఎక్కడికీ పోలేదు. తొంభై ఏళ్ళ ముసలమ్మ మెదడు ముక్క అది. స్త్రీ హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఎక్కడున్నాయో చూపడానికి యాంటీబాడీ వేసి రంగు తేలుస్తారు. ప్రతి ట్రేలోనూ ఒక స్లైడుకు మాత్రం కావాలనే యాంటీబాడీ వెయ్యరు. దానికీ రంగు తేలిందంటే మిగతావాటిని ఎవరూ నమ్మరు.

మతిమరుపు జబ్బులో ఆ గ్రాహకాలు పెరుగుతాయని నాలుగేళ్ళు లెక్కపెట్టి గ్రంథం రాసింది ఆమె. ఆమ్‌స్టర్‌డామ్‌లో డాక్టరేట్ పరీక్షకు ఇంకా మూడు వారాలే ఉన్నాయి.

పాత ట్రేలన్నీ బయటికి లాగింది. నలభై ట్రేల్లోనూ ఖాళీ స్లైడు ఖాళీగానే ఉంది. చెడింది మంగళవారం ట్రే ఒక్కటే. కానీ కారణం చెప్పలేకపోతే పరీక్షకులు ఆ నలభైనీ కలిపి అవతల పారేస్తారు.

రంగులు వేసేది విబ్రెన్ ఒక్కడే. భార్య పోయిన మనిషి, ముప్ఫై ఏళ్ళుగా ల్యాబులో ఒక్క తప్పూ చెయ్యలేదు. మధ్యాహ్నం మజ్జిగ తాగుతూ దొరికాడు.

"విబ్రెన్ గారూ, మంగళవారం ఏం జరిగింది?"

"ఏం జరుగుతుందమ్మాయ్? ఫ్రిజ్ పాడై ఉంటుంది."

"ఫ్రిజ్ లేచొచ్చి యాంటీబాడీ పోసిందా?"

"అయితే కొత్త సీసా..."

"సీసా పాతదే. ట్రే మొత్తం ముదురు రంగు తిరిగింది. ఎవరో రెండుసార్లు వేశారు."

విబ్రెన్ గ్లాసులోకి చూశాడు. ఆ ల్యాబులో 'మర్చిపోయాను' అన్న మాట ఎవరూ నోట రానివ్వరు. కిందటి నెల ప్రొఫెసర్ సైకిల్ ఎక్కడ పెట్టాడో మర్చిపోతే, అందరూ చుట్టూ మూగి ఆయన చేత గడియారం బొమ్మ గీయించారు. మతిమరుపు రోగులకు పెట్టే పరీక్ష అది. ముళ్ళు వంకరగా వచ్చాయని ఇప్పటికీ నవ్వుకుంటారు.

"గడియారం గీయమనను లెండి. నా డాక్టరేట్ మీద ఒట్టు."

"ముందు ఆ తలుపు వెయ్యి," అన్నాడు విబ్రెన్. తర్వాత గొంతు తగ్గించాడు.

"నేనే చేశాను. భోజనం చేసి వచ్చాక, యాంటీబాడీ వేశానో లేదో ఎంతకీ గుర్తు రాలేదు. ఎవర్నన్నా అడిగితే పరువు పోతుంది. కంగారులో ఖాళీదానితో సహా వరసపెట్టి అన్నిటికీ వేసేశాను. ఈ మాటే కాగితం మీద రాసి సంతకం పెడతా, నీ పరీక్షకులకు చూపించుకో. ముసలమ్మ ముక్కలు ఇంకా ఉన్నాయి, రేపే మళ్ళీ చేస్తా. కానీ నాకు మతి పోలేదమ్మాయ్! ఆ రోజు క్యాంటీన్ హన్నెకె నా బ్రెడ్డు మీద చాక్లెట్ పలుకులు అడక్కుండానే రెండోసారి చల్లింది. ఇంకెవరికీ అలా చల్లదు, కనుక్కున్నాను. అరవై మూడేళ్ళు వచ్చాక కూడా నా బుర్రలో ఆ గ్రాహకాలు పనిచేస్తున్నాయని నాకు మాత్రం ఎవరు చెప్పారు?"