పది పేర్లకు ఒక ఊపిరి

యెరూషలేములో కూరగాయల బజారు వెనక సందులో ఉన్న మా ప్రార్థనాలయంలో ఇరవై తొమ్మిదేళ్ళపాటు పూరీము పండుగ కథ రాసిన తోలు చుట్టను చదివింది ముల్లా నూరొల్లా. మేమంతా షీరాజు నుంచి వచ్చిన యూదులం. చదువుకున్న పెద్దను ముల్లా అనే పిలుస్తాం. తలుపులు తెరవడం, దీపాలు చూసుకోవడం, ఎవరు ఏం చదవాలో చెప్పడం నా పని.

చుట్ట చివర్లో ఒక చోటుంది. పూర్వం మా జాతిని ఒక్కరోజులో తుడిచిపెట్టాలని చూసిన మంత్రి హామాను తాను నాటించిన ఉరికొయ్యకే వేలాడాడు. ఆ తర్వాత అతని పదిమంది కొడుకులూ. ఆ పది పేర్లూ ఒకే ఊపిరిలో చదవాలి. ఎందుకని పిల్లలు అడిగితే ముల్లాయే చెప్పేవాడు: "పదిమంది ప్రాణాలూ ఒక్కసారే పోయాయిరా. అందుకే మనం మధ్యలో ఊపిరి తీసుకోం." పిల్లలు బుగ్గలు పూరించి పోటీలు పడేవారు. ఎవడైనా మధ్యలో ఆగితే, "నీ పీకకి కూడా తాడు పడింది పో!" అని మిగతావాళ్ళు నవ్వేవారు.

ఒక ఏడు వేసవి చివర ముల్లా కొడుకులిద్దరూ, ఫరాజ్, ఓవద్యా, ఖర్జూరాల లారీతో సహా లోయలో పడిపోయారు. ఇద్దరూ ఒకే క్షణంలో పోయారని డాక్టరు చెప్పాడు. ఓదార్పుకని చెప్పి ఉంటాడు.

చలికాలంలో నా అల్లుడు నదావ్‌కు చుట్ట చదివే రాగం నేర్పించాను. ఈసారి ముల్లాకు కష్టంగా ఉంటుందని అందరితో అన్నాను. అది అబద్ధం కాదు. చుట్ట పరిచి చదివే పీట ముందు నా ఇంటివాడు నిలబడితే చూడాలని ఉన్నదీ అబద్ధం కాదు. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

చుట్టను పండుగ ముందు సాయంత్రం ఒకసారి, పొద్దున్న మళ్ళీ ఒకసారి చదువుతాం. ఆ సాయంత్రం ముల్లా దగ్గుతో రాలేదు. నదావ్ చదివాడు. "ఏమయ్యా హబీబ్, ఇన్నాళ్ళూ ఈ గొంతు ఏ గోనెసంచిలో దాచావు?" అన్నాడు ఉల్లిపాయలమ్మే శకూర్. ఇంటికి వెళ్తుంటే నా నడకే మారింది.

పొద్దున్న ముల్లా వచ్చేశాడు. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన భార్య తలా, వాకిట్లో నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, ఇంట్లో ఆయన నోట మాటే లేదు. అన్నం పెట్టమనీ అడగడు, వద్దనీ అనడు. చుట్ట తీస్తేనే గొంతు వినబడుతుంది. ఇదొక్కటీ లాక్కోకండి."

"ఎవరు లాక్కుంటారమ్మా?" అన్నాను.

ముల్లా బాగానే చదివాడు. గొంతు అక్కడక్కడ జీరబోయింది, అంతే. పిల్లలు హామాను పేరు వచ్చినప్పుడల్లా అది చప్పుడులో మునిగిపోవాలని గిలక్కాయలు తిప్పారు, కాళ్ళు నేలకేసి కొట్టారు. పది పేర్ల చోటు దగ్గరికి రాగానే అలవాటుగా బుగ్గలు పూరించి సిద్ధమయ్యారు.

ముల్లా రెండు పేర్లు చదివాడు. ఆగాడు.

పీట అంచు పట్టుకుని ఒక ఊపిరి తీసుకున్నాడు. తర్వాత మిగతా ఎనిమిదీ చదివాడు.

"తెగింది!" అని అరిచాడు శకూర్. "ఊపిరి తెగింది. మళ్ళీ చదవాలి."

"తెగితే ఏం మునిగిపోయింది? నీ నోరు కూడా కాస్త తెగితే బాగుండు!" అంది ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలమ్మ.

"నన్నంటావేంటి పిన్నీ? పద్ధతి నేను పెట్టానా?"

అందరూ నా వైపు చూశారు. ధర్మం నాకు తెలుసు. మధ్యలో ఊపిరి తీసుకున్నా చదివింది చెల్లుతుంది. "చెల్లుతుంది, ముందుకు వెళ్ళండి" అంటే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. నా పక్కన నదావ్ అప్పటికే లేచి శాలువా సర్దుకుంటున్నాడు.

"మళ్ళీ చదవండి ముల్లాగారూ," అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. చెల్లుతుందని నాకు తెలుసన్న సంగతి ఆయనకూ తెలుసు. ఆ ధర్మం నాకు చెప్పింది ఆయనే.

"ఇంకోసారి చంపమంటావా హబీబ్?" అన్నాడు. తర్వాత నదావ్ వైపు తిరిగాడు. "నీకింకా పిల్లలు లేరు కదూ బాబూ? రా. నీకైతే ఊపిరి సరిపోతుంది."

నదావ్ చదివాడు. పది పేర్లూ చెంబులోంచి నీళ్ళు పోసినట్టు ఒక్క ధారగా వచ్చాయి. పిల్లలు కేకలు వేశారు. పండుగనాడు సంతోషించమని ఆజ్ఞ. నేనూ కాలితో నేలను కొట్టాను.

పండుగనాడు ఒకరికొకరు తినేవి పంపుకోవాలి. మధ్యాహ్నం మా ఇంట్లో చేసిన కుంకుమపువ్వు హల్వా, బాదం మిఠాయి ముల్లా ఇంటికి పంపాం. తలా కూడా పళ్ళెం పంపింది. ఏటా మూత పట్టనంత నింపి పంపే మనిషి. ఈసారి ఒక రొట్టె, ఒక ఉడికించిన గుడ్డు. ధర్మం అడిగేది రెండు రకాల తిండి, రెండే ఉన్నాయి.

ఆ తర్వాత మూడు పండుగలు గడిచాయి. నదావే చదువుతున్నాడు. ముల్లా వచ్చి తలుపు పక్కన కూర్చుంటాడు. ఆ చోటు దగ్గర పడగానే లేచి వాకిట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంటాడు. పేర్లు అయిపోయాక వస్తాడు. మధ్యలో లేచి వెళ్ళడం తప్పు. శకూర్ కూడా ఏమీ అనడు.

దేవుడు హామాను చేతి నుంచి మమ్మల్ని కాపాడాడు. ఆ రోజు ఆయన కాపాడకపోతే నేనూ లేను, నా కూతురూ లేదు. దానికి సంతోషించకుండా ఎలా ఉంటాను? కానీ ఆ సంతోషంలో ముల్లా చెయ్యి కడుక్కునే ఆ కాసేపటికి చోటెక్కడుందో చూపించమని ఆ దేవుణ్ణే అడుగుతున్నాను. అడగడం తప్పయితే క్షమించాలి.

మొన్న బజారులోని నా కొట్లో ఎవరూ లేనప్పుడు తలుపు దగ్గరగా వేసి, ఆ పది పేర్లు కాదు, ఆ ఇద్దరి పేర్లు ఒకే ఊపిరిలో పలికి చూశాను. ఫరాజ్, ఓవద్యా. ఏ కష్టమూ లేకుండా వచ్చేశాయి. ఊపిరి ఇంకా చాలా మిగిలింది.